అక్క గోంగూర మడిలో టిక్కుటిక్కు

నేను బడిలో చదివింది పదో తరగతి దాకానే. మిగతా చదువంతా తెనాలి శాఖా గ్రంథాలయంలో సాగింది. నలభై ఏళ్ళుగా మిషను ముందు కూర్చుని ప్యాంట్లూ జాకెట్లూ కుడుతున్నాను గానీ, సాయంత్రం ఐదు దాటితే షట్టరు సగం దించి లైబ్రరీకి వెళ్ళిపోతాను. పెళ్ళిళ్ళ రోజుల్లో బట్టలు ఆలస్యమైతే జనం నన్ను వెతుక్కుంటూ ఇంటికి రారు, నేరుగా లైబ్రరీకే వస్తారు. అక్కడి గాజు తలుపుల బీరువాలో విజ్ఞానశాస్త్రం అర మొత్తం చదివేశాను. కొన్ని పుస్తకాలు రెండేసి సార్లు.

ఆ అరలో అణువు గురించిన పుస్తకం ఒకటుంది. అట్ట ఊడిపోతే కాలికో గుడ్డ వేసి బైండు చేశారు. రేడియోధార్మికత కంటికి కనిపించకుండా, వాసన లేకుండా, చప్పుడు చేయకుండా మనిషిని ఎలా దెబ్బతీస్తుందో అందులో ఒళ్ళు జలదరించేలా రాశారు. చివరి అధ్యాయాన్ని మాత్రం చెదలు తినేశాయి. విషయసూచికలో దాని పేరు మిగిలింది, "ఎంతవరకు భయపడాలి" అని. పోతే పోయిందిలే, అసలు విషయం ముందే వచ్చేసింది కదా అనుకున్నాను. ఎంతవరకో తెలియకుండానే చాలా ఏళ్ళు భయపడ్డాను, పదిమందినీ భయపెట్టాను. చొక్కా కొలతలివ్వడానికి వచ్చినవాడు చేతులు చాచి కదలకుండా నిలబడాలి కాబట్టి నేను చెప్పేది వినక తప్పేది కాదు.

రెండేళ్ళ కిందట ఒక అమ్మాయి లైబ్రరీకి వచ్చింది. పరిశోధన చేస్తోందట. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల మట్టిలో రేడియోధార్మికత సహజంగా ఎంత ఉంది, ఎక్కడైనా బయటి నుంచి వచ్చి కలిసిందా అన్నది యంత్రంతో కొలవాలట. ఊళ్ళు తెలిసిన మనిషి ఎవరైనా తోడు దొరుకుతారా అని లైబ్రేరియన్ గారిని అడిగింది. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే నావైపు వేలు చూపించారు.

"ఈయన్ని తీసుకెళ్ళమ్మా. అన్నీ చదివేశారు. మాకూ నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటుంది."

మర్నాడే బయల్దేరాను. షాపు మా ఆవిడకు అప్పగించి, టేపు మెడలో వేసుకునే వెళ్ళాను. అది లేకపోతే మెడ బోసిగా ఉంటుంది.

ఆ యంత్రం ఇటుకంత పసుపుపచ్చ పెట్టె, దాని మీద లెక్క చూపించే గడియారం ముల్లు లాంటిది ఒకటి. దానికి తీగ, తీగ చివర టార్చిలైటు లాంటి గొట్టం. గొట్టానికి మట్టి అంటకుండా పల్చటి ప్లాస్టిక్ కవరు తొడగాలి. ముందు నేలకి మీటరు ఎత్తున పట్టుకుని ఒక లెక్క, తర్వాత నేలకి రెండు వేళ్ళ ఎత్తున పట్టుకుని ఒక లెక్క. ఒక్కో చోట అయిదుసార్లు తీసుకుని సగటు కట్టాలి. మీటరు కొలవడానికి ఆ అమ్మాయి దగ్గరొక కర్ర ఉంది. నేను మెడలోంచి టేపు తీసి దాన్ని కొలిచాను. కర్ర ఒక సెంటీమీటరు పొట్టి.

"థాంక్సండీ బాబాయ్ గారూ" అంది ఆ అమ్మాయి. శాస్త్రానికి నేను చేసిన మొదటి సేవ అది. ఆ ఒక్కదాంతో ఆగి ఉంటే బాగుండేది.

యంత్రం ఎక్కడ పెట్టినా నెమ్మదిగా టిక్కు, టిక్కుటిక్కు అంటుంది. భూమిలో, రాళ్ళలో, మనలో కూడా ఆ గుణం కాస్తో కూస్తో ఉంటుంది కనుక అది పూర్తిగా మాట్లాడకుండా ఉండదు. ఈ సంగతి జనానికి చెప్పడం నా పనిగా పెట్టుకున్నాను. తెనాలి దగ్గర పొలంగట్టు మీద ఒక రైతు, "ఇది బోరు ఎక్కడ పడుద్దో చెప్పుద్దా అండి?" అని అడిగాడు. బాపట్లలో ఒక పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, "ఎలాగూ వచ్చారు, కాస్త బీపీ కూడా చూసిపోండమ్మా" అని మా ముందు కూర్చున్నాడు. అక్కడే ఎరువుల కొట్టు ముందు పొటాష్ బస్తాకి గొట్టం ఆనిస్తే టిక్కులు కొద్దిగా పెరిగాయి. కొట్టు యజమాని బస్తా వెనక దాక్కోబోయి, ఆ బస్తాయే కదా అని మళ్ళీ మా వెనక్కి వచ్చాడు. "పొటాషియానికి ఆ గుణం ఉంటుందండి, అరటిపండులో కూడా ఉంటుంది, భయం లేదు" అని నేనే ఆయనకి ధైర్యం చెప్పాను. ఈ మాట గుర్తుంచుకోవాలి. పదిరోజుల తర్వాత నాకు గుర్తురాలేదు.

ఎందుకంటే అప్పటికి మూడు వారాలు తిరిగాం. ఎక్కడ కొలిచినా మామూలే. ఆ అమ్మాయికి అదే సంతోషం, పుస్తకంలో రాసుకునేది. నాకు మాత్రం నీరసం వచ్చేసింది. అణువు గురించి అంత చదివి, అంత ఎండలో తిరిగి, తీరా అంతా బాగానే ఉందంటే ఎలా? ఒక్కచోటైనా ముల్లు లేస్తే బాగుండునని మనసులో మొక్కుకున్నాను. మొక్కు తీరింది. మా అక్క ఇంట్లో.

మా అక్క రేపల్లెలో ఒక్కతే ఉంటుంది. మా బావ పోయి ఆరేళ్ళయింది. పెరట్లో గోంగూర, తోటకూర పండించి, పొద్దున్న ఏడింటికి బుట్టతో గేటు ముందు కూర్చుంటుంది. ఎనిమిదికల్లా బుట్ట ఖాళీ. వీధిలో ఆడవాళ్ళు కట్ట కొని వెళ్ళిపోరు, అక్కడే నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. మ్యాపులో ఆ రోజు కొలవాల్సిన గడి ఆ వీధి మీదుగా పోయింది. అక్క పెరడు అయితే మధ్యాహ్నం భోజనం కూడా అయిపోతుందని నేనే సలహా ఇచ్చాను.

తోటకూర దగ్గర మామూలు. బావి దగ్గర మామూలు. గోంగూర మడి మధ్యలో గొట్టం దించగానే యంత్రం గుక్క తిప్పుకోకుండా టిక్కుటిక్కుటిక్కుమంది. ముల్లు లేచింది. నేను గాల్లోకి ఎగిరాను.

"దొరికింది! అక్కా, దొరికిందే! మన పెరట్లోనే!"

వంటింట్లోంచి అక్క గరిటెతో వచ్చింది. "ఏంటిరా దొరికింది? పోయిన నా చెవిదుద్దా?"

ఆవిడ కంటే ముందు ప్రహరీ మీద పక్కింటి పంతులమ్మగారి తల లేచింది. రిటైరయిన టీచరు, అక్క గోంగూరకి మొదటి ఖాతాదారు. "ఏంటండీ దొరికింది? లంకెబిందెలా?" అని ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. తరగతి గదిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన గొంతు తగ్గించినా నాలుగిళ్ళకి వినబడుతుంది.

పది నిమిషాల్లో పెరడు నిండిపోయింది. మిషను పెట్టి బంగారం పట్టారంటూ ఒకరు, పలుగు తెమ్మంటారా అంటూ ఒకరు. మడిలో కాళ్ళు పెడుతున్నారు. అక్క గరిటె తిప్పుతూ, "గోంగూర తొక్కకండి, మీ పుణ్యముంటుంది" అని అరుస్తోంది. నిజం చెబితే వాళ్ళే పోతారనిపించింది. బట్టలుతికే బండ ఎక్కాను.

"ఇక్కడ బంగారం లేదు! రేడియోధార్మికత ఉంది! కంటికి కనిపించదు, వాసన రాదు, వందల కోట్ల ఏళ్ళయినా పోదు!"

నిజంగానే పోయారు. రెండు నిమిషాల్లో పెరట్లో నేను, అక్క, ఆ అమ్మాయి, ఎవరిదో ఒక చెప్పు మిగిలాం.

"బాబాయ్ గారూ, దిగండి ప్లీజ్" అంది ఆ అమ్మాయి. "మామూలు కంటే కొంచెం ఎక్కువుంది, అంతేనండి. ఒక్క లెక్కతో ఏం తేల్చకూడదు. ఈ మిషను ఎంత ఉందో చెప్పుద్ది గానీ ఏముందో చెప్పదు. ఏముందో చెప్పే మిషను కాలేజీలో వేరేవాళ్ళ దగ్గరుంది, వచ్చేవారం తెస్తాను. ఈలోపు ఎవరికీ ఏం చెప్పకండి."

ఎవరికీ చెప్పాల్సిన పని అప్పటికే మిగల్లేదు. తెనాలి బస్సెక్కాక సిగ్గేసింది. నడుం కొలత ఒకసారి తీసుకున్నాక మళ్ళీ టేపు తిప్పి చూసుకోకుండా గుడ్డ మీద కత్తెర పెట్టను నేను. కుర్రతనంలో ఒక్కసారి పెడితే, ఒకాయన పెళ్ళిపీటల మీద ఊపిరి బిగబట్టి కూర్చోవాల్సి వచ్చింది. అలాంటివాణ్ణి, ఒక్క లెక్క చూసి బండ ఎక్కాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఫోను మోగింది.

"ఒరే శాస్త్రవేత్తా" అంది అక్క. "బుట్ట నిండుగా లోపలికి తెచ్చుకున్నాను. ఒక్క కట్ట పోలేదు."

"అది కాదే అక్కా..."

"నువ్వు మాట్లాడకు. పాలవాడు ప్యాకెట్టు వీధి మొదట్లో పెట్టి ఫోన్ చేస్తున్నాడు. పిల్లలు మన గేటు దాటేటప్పుడు ముక్కు మూసుకుని పరిగెడుతున్నారు. వాసన రాదని నువ్వే చెప్పావు కదరా, మరి ముక్కెందుకు మూసుకోటం? పంతులమ్మ పోయిన నెల పట్టుకెళ్ళిన గోంగూర పచ్చడి జాడీ గేటు దగ్గర పెట్టిపోయింది. సగం తినేసింది. సగం తిన్నాక ఇప్పుడు భయమంట!"

రెండో రోజూ అదే ఫోను, మూడో రోజూ అదే. వీధి వాట్సాప్ గ్రూపులో మా అక్క గోంగూరకి అణుగోంగూర అని పేరు పెట్టారట. ఆ పేరు చెబుతూ అక్క మొదట నవ్వింది. నాలుగో రోజు నవ్వలేదు.

"నాకు కట్టలు అమ్ముడవ్వకపోతే గడవదని కాదురా. మీ బావ పోయాక ఈ ఇంట్లో పొద్దున్నే మనిషి గొంతు వినపడేది ఆ గంటసేపే. ఇప్పుడు నేనొక్కదాన్నే బుట్ట పక్కన కూర్చుని వీధిని చూస్తున్నాను. వీధి నన్ను చూడకుండా పోతోంది. ఏం చేస్తావో చెయ్యి. నా గోంగూర తీసుకునేట్టు చెయ్యి."

ఏం చేస్తాను? లైబ్రరీకి వెళ్ళాను. రెండు సాయంత్రాలు వెతికాక దారి దొరికిందనిపించింది. కొన్ని సముద్రతీరాల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం, అందులో థోరియం ఉంటాయి. మా బావ పెరడు ఎత్తు చేయించినప్పుడు సూర్యలంక తీరం నుంచి ఇసుక తోలించి ఉంటాడు. సముద్రం తెచ్చిపెట్టిన దానికి అక్క తప్పేముంది? ఫోన్ చేసి విడమరిచి చెప్పాను.

అక్క అంతా విని, "అది పెనుమూడి ఇసుకరా. కృష్ణ ఇసుక. నేనే దగ్గరుండి పోయించాను. సముద్రం మన పెరట్లోకి ఎప్పుడూ రాలేదు" అంది.

"నీకు గుర్తులేదేమో అక్కా."

"నాకు గుర్తుంది. నీకు పుస్తకంలో ఉంది. అంతే తేడా."

వారం తిరిగాక ఆ అమ్మాయి రెండో యంత్రం తెచ్చింది. దీనికి చిన్న తెర ఉంది. గోంగూర మడిలో పెట్టి కాసేపు ఉంచితే తెర మీద గుట్టలు గుట్టలుగా గీత లేచింది. ఏ గుట్ట ఎక్కడ లేచిందో చూసి ఏ పదార్థమో చెప్పవచ్చు. ఆ అమ్మాయి చూసి, "థోరియం అండి" అంది.

నేను అక్కవైపు తిరిగి, "చెప్పానా! సముద్రపు ఇసుక!" అన్నాను.

"ఇసుకైతే పెరడంతా ఉండాలి కదండీ బాబాయ్ గారూ" అంది ఆ అమ్మాయి మెల్లగా. "ఎంత మేర ఉందో చూద్దాం. మడిని గళ్ళు గళ్ళుగా కొలవాలి."

ఆ పని మాత్రం నాకు వచ్చు. జేబులోంచి మార్కింగు సుద్ద తీశాను. మట్టి మీద సుద్ద నిలవదని తెలిసి దారం కట్టాను. బారుకి జానెడు, అడ్డానికి జానెడు, తాను మీద గీసినట్టే గళ్ళు వేశాను. ప్రతి గడిలో అయిదు లెక్కలు, సగటు, మళ్ళీ పక్క గడి. ఈసారి ముల్లు లేచినా నోరు మెదపలేదు. ప్రహరీ మీద తలలు వరసగా లేచాయి గానీ ఎవరూ ఇవతలికి దిగలేదు. అంచుల్లో అన్ని గళ్ళూ మామూలే. నడిమధ్యన రెండు గళ్ళలోనే యంత్రం గోల పెడుతోంది.

మొక్కలు పక్కకి తీసి, చేతికి గ్లవ్జులు, మూతికి మాస్కు పెట్టుకుని, చిన్న తాపీతో ఆ అమ్మాయి తవ్వింది. మూరెడు లోతుకి వెళ్ళేసరికి ఠంగుమంది.

"బిందె!" అంది ప్రహరీ మొత్తం ఒకే గొంతుతో.

బిందె కాదు. తుప్పుపట్టిన బిస్కెట్ల రేకు డబ్బా. దాని మూత కాస్త ఎత్తి చూస్తే లోపల బూడిద లాంటి తెల్లటి వలముక్కలు, ఇంకా విప్పని కాగితం పొట్లాలు. నాకేం అర్థం కాలేదు. ఒక్క పుస్తకంలోనూ చూడలేదు. అక్క మాత్రం చూడగానే బావిగట్టు మీద కూర్చుండిపోయి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"మేంటిళ్ళురా! మీ బావ గ్యాసులైట్ల మేంటిళ్ళు!"

అప్పుడు తట్టింది. కిరసనాయిలు పోసి, పంపు కొట్టి వెలిగించే గ్యాసులైట్లు మా బావ అద్దెకిచ్చేవాడు. ఊరేగింపుల్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు తలల మీద పెట్టుకుని నడిచేవారే, అవి. లోపల మంట చుట్టూ చిక్కుడుకాయంత వల సంచీ ఒకటి కడతారు. అదే మేంటిల్. ఒక్కసారి వెలిగిస్తే గుడ్డంతా కాలి బూడిద వల మిగులుతుంది, ఆ బూడిదే తెల్లగా వెలుగుతుంది. వేలు తగిలితే రాలిపోతుంది. ఆ వెలుగు కోసమే అందులో థోరియం కలిపేవారని ఆ అమ్మాయి చెప్పింది. జనరేటర్లు, ట్యూబులైట్లు వచ్చాక బావ లైట్లన్నీ పాతసామాన్ల వాడికి ఇచ్చేశాడు. మేంటిళ్ళ డబ్బా వాడు తీసుకోలేదు.

"నేనే అన్నాను" అంది అక్క. "ఆ తెల్ల బూడిద నా పొయ్యి బూడిదలో కలపమాకండి, అది నేను ఆకుల మీద పురుక్కి చల్లుకుంటాను, దీన్ని ఎక్కడన్నా కనపడకుండా పూడ్చండి అని. ఎక్కడ పూడ్చారంటే, 'కనపడకుండా' అన్నారు. అంతే. ఆ మనిషి రెండో మాట ఎప్పుడు చెప్పారు గనక!"

"మట్టిలో ఉన్నంతకాలం మీకేం కాలేదండి" అంది ఆ అమ్మాయి. "ఆ బూడిద పీల్చకూడదు, అంతే. మీరు పొయ్యి బూడిదలో కలపనివ్వకపోవటమే మంచిదైంది." ఏ పుస్తకమూ చదవకుండా మా అక్క చేసిన పని అది.

డబ్బాని, దాని చుట్టూ ఉన్న గంపెడు మట్టిని రెండు వరసల కవర్లలో మూటకట్టి, చీటీ అంటించి కాలేజీకి తీసుకెళ్ళడానికి సిద్ధం చేసింది. గోతిలో మళ్ళీ కొలిస్తే అయిదుకి అయిదుసార్లూ మామూలే. పరీక్షకి కొంచెం మట్టి, నాలుగు గోంగూర ఆకులు కూడా తీసుకుంది.

కారు ఎక్కబోతుంటే అక్క ఆపింది. "అమ్మాయ్, ఆ గొట్టం ఒక్కసారి మూట దగ్గర పెట్టమ్మా."

పెట్టింది. టిక్కుటిక్కుటిక్కుమని గబగబా మోగింది. అక్క చెవి దగ్గరగా పెట్టి వింది.

"బతికున్నన్నాళ్ళు నోరు విప్పలేదు. చూడు, ఇప్పుడెన్ని కబుర్లు చెబుతున్నారో" అంది. ఒక నిమిషం విని, "ఇంక తీసుకెళ్ళండి" అని గేటు తెరిచింది.

ప్రహరీ మీది తలలు ఇదంతా చూశాయి. అయినా మర్నాడు బుట్ట కదల్లేదు. డబ్బా పోయింది సరే, ఆకుల్లో ఏముందో ఎవరికి తెలుసు? పరీక్ష ఫలితం రావడానికి నెల పడుతుంది. గోంగూర నెల ఆగదు. థోరియాన్ని మొక్క వేళ్ళు దాదాపుగా పీల్చుకోవనీ, కడుక్కుని నిక్షేపంగా తినవచ్చనీ ఆ అమ్మాయి ఫోనులో చెప్పింది. అక్కింట్లోనే ఆగిపోయిన నేను ఆ మాట వీధిలో చెప్పబోతే, నా మాట వినే దశ దాటిపోయింది. ఒకసారి బండ ఎక్కినవాణ్ణి కదా.

"నువ్వు చెప్పొద్దు" అంది అక్క. "నువ్వు తిను."

పొద్దున్న ఏడింటికి గేటు ముందు, బుట్ట పక్కన స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టింది. విస్తరాకు వేసి వేడన్నం, గోంగూర పప్పు వడ్డించింది. పళ్ళు తోముకున్న పావుగంటకి పప్పన్నం తినడం ఎలా ఉంటుందో ఏ గ్రంథంలోనూ లేదు. వీధి అటు చివర నిలబడి చూసింది. రెండో రోజు గోంగూర పులుసు. పంతులమ్మగారు గేటు దాటుతూ ఆగింది. నా మొహంలోకి పరీక్షగా చూసి అడిగింది.

"ఏమైనా తేడాగా ఉందా అండి?"

"ఉప్పు తగ్గిందండి" అన్నాను.

"నోరు మూసుకుని తిను" అంది అక్క లోపల్నుంచి.

మూడో రోజు వంట చేయడం విసుగొచ్చి, అక్క గోంగూర పచ్చడి, నెయ్యి వేసింది. నేను తింటుంటే పంతులమ్మగారు వచ్చి ఎదురుగా నిలబడింది. ముద్ద ముద్దకీ ఆవిడ గొంతు కూడా కదులుతోంది. పదకొండు రోజులుగా వాళ్ళాయన మార్కెట్టు గోంగూర తినడం లేదని, పుల్లగా లేదని అంటున్నారని తర్వాత తెలిసింది.

"మూడు రోజులైంది కదండీ, బానే ఉన్నారు" అంది.

"ఎప్పటిలాగే ఉన్నాడండి" అంది అక్క. "బాగుపడింది ఏం లేదు."

ఆవిడ ఫక్కున నవ్వి, వంగి, రెండు కట్టలు ఏరుకుంది. ఆవిడ వెనకే ఎదురింటావిడ, ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. గ్యాసులైట్ల వెలుగులో జరిగిన తన పెళ్ళి ఊరేగింపు గురించి ఒకావిడ మొదలుపెడితే, మేంటిల్ అంటే ఏంటో అక్క చేతులు తిప్పుతూ వివరిస్తోంది. నాకంటే బాగానే చెబుతోంది. ఎనిమిదింటికి బుట్ట అడుగు కనిపించింది.

అందరూ వెళ్ళాక పంతులమ్మగారు మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అది కాదండీ, ఆరోజు నేను పెట్టెళ్ళిన పచ్చడి జాడీ ఉంటే ఇచ్చేయండి. సగమే తిన్నాను."

అక్క నా విస్తరి వైపు చూసింది. నేను ఆఖరి ముద్ద కలుపుతున్నాను.

"ఆ జాడీయే ఇందాక అడుగంటిందండి" అంది అక్క. "కూర్చోండి, కొత్తది పెడతాను. ఒరే తమ్ముడూ, చెయ్యి కడుక్కుని లే. పంతులమ్మగారికి స్టూలు కావాలి."